పన్నీటి పువ్వు గులాబి

పెండ్లివారింటి వాకిట నిలిచి, వచ్చినవారిపై వెండి బుడ్డితో పన్నీరు చిలకరించుట మన పల్లెలలో పాత మర్యాద. చల్లని ఆ రెండు బొట్లు పైన పడినంతనే, తమ రాక ఇంటివారికి సంతోషమని అతిథులకు తెలియును. మాటలతో పని లేదు. ఆ పన్నీరు గులాబి పూలనుండి పుట్టినది. అంతేకాదు, గులాబి అను పేరు సయితము ఆ నీటినుండి పుట్టినదే.

పేరులోని నీరు

పారసీక భాషలో ‘గుల్’ అనగా పువ్వు, ‘ఆబ్’ అనగా నీరు. రెండును కూడిన ‘గులాబ్’ అను మాట అక్కడ పువ్వును చెప్పదు, పన్నీటిని చెప్పును. ఆ మాట మన దేశమునకు వచ్చి, నీటిని విడిచి పువ్వున నిలిచినది. ‘రోజా’ అను పేరు ఐరోపా భాషలనుండి వచ్చినది. సంస్కృత వైద్యగ్రంథములలో కనబడు ‘శతపత్రి’ని గులాబిగా చెప్పుదురు. శతపత్రి అనగా నూరు రేకులది.

అయితే అడవిలో పుట్టిన గులాబికి నూరు రేకులు లేవు. సాధారణముగా అయిదే ఉండును. పూవు నడుమనున్న కేసరములు రేకులుగా మారుటచే ముద్దపూలు కలిగినవి. అట్టి మొక్కలను మానవుడు ఏరి పెంచుటచే నేటి గులాబులు ఏర్పడినవి. భూమధ్యరేఖకు ఉత్తరముననే సహజముగా పుట్టిన ఈ మొక్కలో వందకు మించిన జాతులు కలవు. మన దక్షిణదేశమున నీలగిరి, పళని కొండలపై ఒక అడవి గులాబి నేటికిని పూయుచున్నది. ఆపిల్, బేరి, బాదము, స్ట్రాబెర్రీ ఈ కుటుంబమునకు చెందినవే.

గులాబికి ముల్లున్నదని అందరును అందురు. నిమ్మముల్లు కొమ్మయొక్క మారురూపము. అది లోపలి కఱ్ఱతో అతికి యుండును. గులాబి ముల్లు పైపొరనుండి మాత్రమే పుట్టినది. బొటనవ్రేలితో ప్రక్కకు నెట్టినచో ఊడివచ్చును. గులాబికి కాయయు కలదు. అందు ‘సి’ విటమిను సమృద్ధిగా నుండును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటన్‌లో నారింజపండ్లు కరవు కాగా, అడవి గులాబి కాయలను ఏరి తెచ్చి, పానకము తీసి పసిపిల్లలకు పోసిరి.

అత్తరు కథ

అత్తరును నూర్జహాన్ కనుగొనెనని లోకమున ఒక వాడుక కలదు. కాని జహంగీర్ చక్రవర్తి (పాలనాకాలము 1605–1627) తన స్వీయచరిత్రలో ఈ ఘనతను నూర్జహాన్ తల్లికి ఇచ్చినాడు. ఆమె పన్నీరు తీయించుచుండగా, వేడి పన్నీరు పోసిన పాత్రలపై సన్నని తెట్టు తేలుట గమనించి, దానిని కొంచెము కొంచెముగా కూడబెట్టినదట. అరచేత ఒక్క చుక్క రాచిన సభయంతయు పరిమళించునని చక్రవర్తి మెచ్చుకొని, ఆమెకు ముత్యాలహారము బహూకరించెను.

ఆ తెట్టు గులాబి తైలము. పూవులోని పరిమళ ద్రవ్యములలో కొన్ని నీట కరగును, కొన్ని కరగవు. కరగినవి నీటిలో నిలిచి పన్నీటికి వాసన నిచ్చును. కరగనివి పైకి తేలి తైలమగును.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పట్టణమున పాతపద్ధతి నేటికిని నిలిచియున్నది. పెద్ద రాగి డేగిసాలో పూలను, నీటిని పోసి, మూతచుట్టు మట్టితో మెత్తి, క్రింద సన్నని మంట పెట్టుదురు. ఆవిరి వెదురు గొట్టము గుండ నడచి, నీటి తొట్టెలో నుంచిన మరియొక రాగిపాత్రలో చల్లబడును. అత్తరు కావలెనన్నచో ఆ పాత్రలో ముందుగా చందనతైలము పోసియుంచుదురు. అది పూల వాసనను పట్టుకొనును. వేడిని కొలుచుటకు పనివానికి పరికరము లేదు. పాత్రపై చేయి వేసి తెలిసికొనును.

సూర్యునితో పందెము

ఈ పనికి తగిన జాతి దమస్కు గులాబి. బల్గేరియాలోని కజన్‌లక్ లోయ, టర్కీలోని ఇస్పార్తా, ఇరానులోని కాషాన్ ప్రాంతము దీనికి పేరు పొందినవి. మన దేశమున ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ రైతులు దీనిని పండింతురు. ఇది బాగుగా పూయుటకు చలికాలపు చల్లదనము కావలెను. పూత ఏటికి ఒక నెల, మహా అయిన నెలపదిదినములు. ఒక కిలోగ్రాము తైలమునకు సుమారు 3,000 మొదలు 4,000 కిలోగ్రాముల పూలు పట్టును. పూవొక్కటి రెండు మూడు గ్రాములే తూగునుగనుక, ఆ తైలపుబుడ్డి వెనుక పది లక్షలకు మించిన పూలు ఉన్నవన్నమాట. వానినన్నిటిని చేతితోనే కోయవలెను.

అదియును తెల్లవారుజామున కోయవలెను. తైలము ఆ వేళ మిక్కిలిగా నుండును. ఎండ ముదిరిన కొలది ఆవిరియై పోవును. కావున పొద్దు పొడవకముందే స్త్రీలు, పురుషులు పొలమునకు పోవుదురు. కోసిన పూలు ఆ దినమే బట్టీకి చేరవలెను. ఆలస్యమైనచో రైతు కష్టము గాలిపాలగును.

పలుదేశముల పువ్వు

ఇంగ్లండులో 1455 మొదలు 1487 వరకు రెండు రాజవంశములు పోరాడిన యుద్ధములకు గులాబి యుద్ధములని పేరు వచ్చినది. తుదకు ఎఱ్ఱ గులాబిని, తెల్ల గులాబిని ఒక్కటిగా చేర్చి ట్యూడర్ రాజులు తమ చిహ్నముగా ధరించిరి. ఫ్రాన్సు దేశస్థుడు ఫ్రాన్సిస్ మెయాఁ సృష్టించిన పసుపువన్నె గులాబికి 1945లో, ఐరోపాలో యుద్ధము ముగియనున్న దినములలో, ‘పీస్’ అనగా శాంతి అని పేరు పెట్టిరి. క్రైస్తవుల జపమాలకు గల ‘రోజరీ’ అను పేరునకు మూలార్థము గులాబి తోట. దర్గాలలో భక్తులు గులాబుల చాదరు సమర్పింతురు. జవహర్లాల్ నెహ్రూ కోటుపై ఎఱ్ఱగులాబిని ఎఱుగని వారెవరు?

మన పెరటి గులాబి

నేడు అంగడిలో దొరకు పొడవుకాడ గులాబులు కంటికి ఇంపు. కాని వానిలో అనేకమునకు వాసన తక్కువ. దూరప్రయాణమునకు ఓర్చుట, ఎక్కువ దినములు వాడకుండుట అను గుణములకై వానిని ఎన్నుకొనుచు పోగా పరిమళము వెనుకబడినది. పూవును దూరపు అంగడికి పంపు రైతునకు అవి తగినవే. ఇంటికి, గుడికి, గుల్కందునకు మాత్రము వాసనగల నాటు గులాబి వేరు మేలు. గుల్కందు చేయుట సులభము: మందు చల్లని పూరేకులను, పంచదారను పొరలు పొరలుగా సీసాలో నింపి కొన్ని దినములు ఎండనుంచిన చాలును.

కడియము వంటి చోట్లనుండి అంటుమొక్క తెచ్చి నాటువారు ఒక సంగతి మరువరాదు. అంటు కట్టిన చోటికి క్రిందనుండి బలముగా లేచు చిగుళ్ళను వెంటనే తీసివేయవలెను. అవి వేరుమొక్కవి. వానిని వదలినచో కొన్నాళ్ళకు మంచిగులాబి చచ్చి అడవిమొక్క మిగులును.

అట్లే పన్నీరు కొనునప్పుడు సీసాపై చీటి చదువుడు. నీటిలో కృత్రిమ సువాసన కలిపి అమ్మునదియు అంగడిలో కలదు. అసలైన పన్నీటికి కొంచెము హెచ్చు వెల యిచ్చినచో, అది తెల్లవారుజామున మంచులో నిలిచి పూలు కోసిన చేతులకు చెల్లు కూలి యగును.