హేమంతమున దండయాత్ర



పత్రికలు చదువు పెద్దలు నన్ను తరచుగ అడుగు ప్రశ్న యొకటి కలదు. “పంతులుగారూ! ఉత్తరదేశపు యుద్ధమును గూర్చి వ్రాయునపుడెల్ల, చలికాలము వచ్చుచున్నది, ఇక సేనలు ముందునకు కదలజాలవని పత్రికలవారు వ్రాయుదురు. మన కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు కార్తికమాసము చివర, చలి మొదలగునపుడే జరుగును. యుద్ధము ఆ దినములందే జరిగినదని మన పెద్దలు చెప్పుదురు. చలి యుద్ధమును ఆపునా, పిలుచునా?” అని వారి ప్రశ్న. ఇది మంచి ప్రశ్న. మన దేశమున చలికాలము యుద్ధమునకు త్రోవ తెరచును. మంచుదేశమున త్రోవ మూయును. అయినను రెండు చోట్లను అది చేయు పని యొకటి కలదు. దానిని చివర చెప్పెదను. ముందుగ మన నేలతోనే ఆరంభింతము.

పల్నాటి యుద్ధము రాజ్యభాగము కొరకు జరిగినది. క్రీస్తుశకము 12వ శతాబ్దము చివరి పాదమున జరిగినట్లు చరిత్రకారులు తలతురు. అనుగురాజు కుమారులలో నలగామరాజు గురజాలను, మలిదేవరాజు మాచెర్లను ఏలిరి. నలగామునకు నాయకురాలు నాగమ్మయు, మలిదేవునకు బ్రహ్మనాయుడును మంత్రులు. కోడిపోరులో ఓడినవారు ఏడేండ్లు దేశము విడిచి పోవలెనని పందెము. మలిదేవుని పక్షము ఓడెను. మాట ప్రకారము వలస పోయెను. గడువు తీరిన పిదప తమ భాగము తమకిమ్మని అలరాజును రాయబారిగ పంపిరి. అతడు తిరుగు ప్రయాణమున చర్లగుడిపాడులో విషప్రయోగముచే మరణించెను. ఆ మీద మాటలకు తావు లేకపోయెను. నాగులేటి యొడ్డున కారెంపూడి కడ కత్తులు కలిసినవి. 15వ శతాబ్దమున శ్రీనాథుడు ఈ కథను ద్విపదగా రచించెను.

కారెంపూడి ఉత్సవము కార్తిక బహుళ అమావాస్యనాడు మొదలై అయిదు దినములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ దినములకు పేర్లు. తిథులు లెక్కించి చూడుడు. మొదటి దినము మాత్రమే కార్తికమునకు చెందినది. మిగిలిన దినములు మార్గశిరమున ప్రవేశించును. అనగా శరదృతువు ముగిసి హేమంతము మొదలగు సంధికాలము.

ఆ కాలమున మన నేల యెట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. శ్రావణ భాద్రపదములలో నల్లరేగడిలో బండి దిగినచో ఇరుసు వరకు కూరుకొనిపోవును. నాగులేరును, మాచెర్ల కడ చంద్రవంకయు వాననీటితో పొంగి యుండును. కార్తికము ముగియునప్పటికి నేల గట్టిపడును, వాగులు నడుములోతునకు తగ్గును. వానకారు పైరులలో కొఱ్ఱ, సజ్జ, వరిగ ఇల్లు చేరి యుండును. పసులకు మేత, కుంటలలో నీరు పుష్కలముగ నుండును. రాత్రి చలికి ఒక కంబళి చాలును. ఇదే సేనను వైశాఖ జ్యేష్ఠములలో నడిపించినచో ఏమగును? రెంటచింతల యెండ రాష్ట్రమంతట ప్రసిద్ధము. ఆ యెండలో కవచము తొడిగినవాడు శత్రువును చూడకమునుపే దప్పికచేత పడిపోవును.

ఈ లెక్క మనవారికి మాత్రమే తెలిసినది కాదు. మహాభారతమున శ్రీకృష్ణుడు రాయబారమునకు బయలుదేరినది కార్తికమున, శరత్తు ముగిసి మంచు మొదలగు వేళ. సంధి పొసగక తిరిగి వచ్చుచు, కర్ణునితో ఏకాంతమున మాటలాడి, యుద్ధమునకు దినము చెప్పెను. అతడు చూపిన కారణములు ఒక అనుభవశాలియైన రైతు చెప్పినట్లుండును: గడ్డియు కట్టెలును సులభముగ దొరకును, పంటలు పండినవి, ఈగలు తక్కువ, బురద లేదు, నీరు రుచిగ నున్నది, ఎక్కువ వేడియు ఎక్కువ చలియు లేవు. ఏడవ దినమున అమావాస్య, ఆనాడు యుద్ధము ఆరంభింపుడని ఆయన మాట. ఆ అమావాస్యయే మన కారెంపూడి అమావాస్య! పల్నాటి కథను భారతమునకు పోల్చి చెప్పుట మనలో వాడుక గనుక, తిథియు భారతమును చూచి పెట్టినదే యని యెవరైన అనవచ్చును. అట్లే యనుకొన్నను, రేగడినేల భారతము చదివి గట్టిపడదు గదా!

ఇక శాస్త్రము. మనువు మార్గశిరమున గాని, ఫాల్గున చైత్రములందు గాని రాజు దండు వెడలవలెనని విధించెను. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున తొమ్మిదవ అధికరణమున ఈ విషయమును మరింత సూక్ష్మముగ విచారించెను. ఈ గ్రంథపు ప్రతి 1905లో మైసూరున శామశాస్త్రిగారి దృష్టికి వచ్చి 1909లో అచ్చయినది. చిరకాలము సాగు దండయాత్రకు మార్గశిర పుష్యముల నడిమి కాలము, మధ్యమమైనదానికి చైత్ర వైశాఖములు, స్వల్పమైనదానికి జ్యేష్ఠాషాఢములు తగినవని ఆతని మతము. ఏనుగుల బలము గలవాడు వేసవిని బయలుదేరరాదనెను. నీరు చాలక, స్నానము లేక వాటికి చర్మరోగమును గ్రుడ్డితనమును కలుగునట.

అన్నిటికంటె ముఖ్యమైన మాట మరియొకటి ఆతడు చెప్పెను. మిక్కిలి వేడి గలదియు, గడ్డి, కట్టె, నీరు తక్కువగా నున్నదియు అగు దేశముపైకి హేమంతమున పోవలెను. మంచును ముసురును గల దేశముపైకి వేసవిని పోవలెను. మొదటిది పల్నాడు వంటి సీమకు సరిపోవును. రెండవది రష్యాకును, హిమాలయమునకును సరిపోవును. మీరడిగిన ప్రశ్నకు సగము జవాబు ఇక్కడనే యున్నది.

కౌటిల్యుడు మార్గశిరయాత్రకు చూపిన కారణములలో ఒకటి మనబోటి పల్లెవాండ్రు మనసున నుంచుకొనదగినది. అప్పటికి శత్రువు పాత ధాన్యము తరిగిపోయి యుండును, క్రొత్త ధాన్యము పూర్తిగ చేరి యుండదు. అతని వానకారు పంటను, చలికారు విత్తనమును ఒక్కమారే నాశము చేయవచ్చును. ఇది దాపరికము లేని మాట. దెబ్బ తగులునది కోటలోని రాజునకు మాత్రమే కాదు. కళ్ళములోని రైతునకును తగులును.

ఇప్పుడు మంచుదేశములకు పోవుదము. నెపోలియను 1812లో రష్యాను చలిచేత పోగొట్టుకొనెనని బడిలో చెప్పుట వాడుక. నేను నా విద్యార్థులకు తేదీలు చూపి మరియొక విధముగ చెప్పుచుంటిని. ఆతడు నీమను నదిని దాటినది జూనులో. మాస్కో చేరినది సెప్టెంబరు 14న. చలి రాకమునుపే, వేసవిలోనే, యెండకు, రోగమునకు, ఆకలికి, పలాయనమునకు ఆతని ప్రధానసేన సగమునకు మించి తరిగినది. అక్టోబరు 19న మాస్కో విడిచి వెనుకకు మరలినప్పుడు, ఆ మిగిలినదానిమీద చలి పడినది. గుఱ్ఱములకు మేత లేదు, మంచుమీద జారకుండ తగిన లాడములు లేవు. చలి ఓడించినదనుట కంటె, సిద్ధపడనివానిని చలి శిక్షించినదనుట న్యాయము.

చలి రష్యావారికి సొంత బంధువు గాదనుటకు వేరొక సాక్ష్యము కలదు. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు పొరుగుననున్న చిన్న దేశమగు ఫిన్లండుపైకి పోయినవి. ఫిన్లండువారు తెల్లని పైవస్త్రములు ధరించి, కాళ్ళకు జారుచెక్కలు కట్టుకొని, అడవులలో దారివెంట చిక్కుకొన్న పెద్ద సేనలను ముక్కలుచేసి కొట్టిరి. అదే చలి, అదే మంచు. ఈ మారు రష్యావారికే శత్రువైనది. అయినను 1940 మార్చిలో ఫిన్లండు కొంత భూభాగమును వదలుకొని సంధి చేసికొనవలసి వచ్చెను. చలి బలహీనునకు గడువు ఇచ్చినది గాని గెలుపు నియ్యలేదు. మరుసటి యేడు, 1941 జూను 22న జర్మనులు రష్యాపైకి పోయి, ఎముకలు కొరుకు చలిలో తగిన దుస్తులు లేక మాస్కో ముంగిట నిలిచిపోయిరి. అప్పటికి రష్యావారు ఫిన్లండులో నేర్చిన పాఠమును వంటపట్టించుకొని యుండిరి.

2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయినుపై ఆరంభించి యేండ్ల తరబడి సాగించిన భూభాగయుద్ధమును ఈ వెలుగులో చూడవలెను. యుక్రెయినులోను విస్తారమైన నల్లనేల కలదు. మంచు కరగు వసంతారంభమున, వానలు పడు శరత్తున అది బురదయగును. ఆ కాలమునకు రష్యావారు రస్పుతిత్స యని పేరే పెట్టుకొనిరి. 2022లో కీవు నగరముపైకి పోయిన రష్యా బండ్లు పొలములలో దిగజాలక రాజమార్గమునే పట్టుకొని బారులు తీరవలసి వచ్చెను. అట్టి బారును ప్రక్కనుండి కొట్టుట సులభము. రేగడిలో బండి తోలినవారికి ఈ సంగతి వివరింప పనిలేదు. కాగా అక్కడ సేనలకు అసలు విఘ్నము బురద; నేల గడ్డకట్టు నిండు చలి బరువైన వాహనములకు కొంత మేలే. కాని చెట్ల ఆకులు రాలుటచే దాగుటకు చాటుండదు, పైనుండి చూచు డ్రోనులకు బ్యాటరీ త్వరగా తరుగును, కందకములోని మనిషికి కాళ్ళు చెడును.

2022 అక్టోబరు 10 మొదలు రష్యా యుక్రెయిను విద్యుత్కేంద్రములపై క్షిపణులతో పెద్దయెత్తున దాడులు సలిపెను. చలికాలపు ముంగిట విద్యుత్తును ఏల కొట్టవలెను? ఆ దేశమున ఇల్లు వెచ్చబడుట, కొళాయి నీరు వచ్చుట, వైద్యశాల నడచుట విద్యుత్తుమీదనే ఆధారపడి యున్నవి. కౌటిల్యుడు గడ్డి, కట్టె, నీరు అని లెక్కించినదే ఇక్కడ విద్యుత్తను పేర దర్శనమిచ్చుచున్నది. కళ్ళమును కాల్చుటకును దీపమును ఆర్పుటకును ఉద్దేశ మొక్కటే. సరిహద్దున సేనలు కదలకున్నను, చలికాలమున యుద్ధము ఇండ్లలోనికి నడచి వచ్చును.

మన దేశమునకును మంచుసరిహద్దు కలదు. 1948 నవంబరు 1న జనరల్ తిమ్మయ్యగారి సేనలు 11,000 అడుగులకు పైనున్న జోజిలా కనుమకు ట్యాంకులను ఎక్కించి, అంత యెత్తునకు అవి రాజాలవని నమ్మియున్న శత్రువును తరిమివేసినవి. చలికాలము దారి మూయకమునుపే లడఖునకు త్రోవ తెరువవలెనను తొందర ఆ సాహసమునకు కారణము. 1984 ఏప్రిల్ 13న సియాచిన్ హిమానీనదముపై మన సేనలు దిగినవి. వేసవిలో పాకిస్థానువారు రాదలచిరని తెలిసి, వేసవికి ముందే పోయిరి. 1999లో కార్గిల్‌లో దీనికి విపరీతము జరిగినది. చలికాలమున శిఖరములపై కాపలాస్థలములు విడిచి దిగివచ్చుట వాడుక. ఆ వాడుకను కనిపెట్టి శత్రువు ఖాళీ స్థలములను ఆక్రమించెను. వాటిని మరల గెలుచుకొనుటకు మనవారు 527 మంది ప్రాణములొడ్డిరి. ఆనాటినుండి చలికాలమునను అనేక శిఖరములపై కాపలా తప్పనిసరియైనది.

ఆ కాపలా యెట్టిదో నా శిష్యుడొకడు సెలవుపై వచ్చినపుడు చెప్పగా వింటిని. మంచును కరగించి త్రాగవలెను. తుపాకి యినుమును వట్టి చేతితో తాకినచో చర్మము అంటుకొని ఊడి వచ్చును. సియాచినులో తుపాకి గుండ్లకంటె మంచునకును చలికిని బలియైనవారే యెక్కువ. 2020 జూను 15న గల్వాను లోయలో చీనావారితో జరిగిన ఘర్షణలో మనవారు 20 మంది మరణించిరి. వారిలో 17 మంది తీవ్రముగ గాయపడి, నీరు గడ్డకట్టు చలికి గురియై మరణించిరని సైన్యమే ప్రకటించెను. మనకు రోహిణికార్తె ఇప్పుడే గడచిన దినములవి. ఆనాడు నాయకత్వము వహించి వీరస్వర్గ మలంకరించిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటవాడు. మన కృష్ణ కావలి యొడ్డు సీమవాడు. తెలుగుబిడ్డ అట్టి చలిలో నిలువవలెనన్న, వానికి ముందుగ నెలల తరబడి దుస్తులు, కిరసనాయిలు, పప్పు, పిండి కొండమీదికి చేరవలెను. వేసవిలో దారి తెరచినపుడు ఎక్కించినదే చలికాలపు బలము.

కావున పెద్దలారా! చలికాలమునుగూర్చి యుద్ధవార్త చదువునపుడు మూడు సంగతులు విచారింపుడు. నేల గట్టిపడినదా, బురదయైనదా? తిండి, కట్టె, నూనె ఎవరు ముందు చేర్చుకొనిరి? సేన కదలని దినములలో భారము ఎవరి యింటిమీద పడుచున్నది? మొదటి రెంటిని సేనాపతులు విచారింతురు. మూడవదానిని విచారించువారు తక్కువ. చలి యుద్ధమును ఆపదు, గెలిపింపదు. దాని బరువును సైనికుని భుజమునుండి పల్లె గడపమీదికి మార్చును. చలి తగ్గిన పిదప చూతమని సంధిమాటను వాయిదా వేయువారు ఈ బరువును లెక్కలో చేర్చరు.

ఏడేండ్ల గడువు, ఒక రాయబారము, అయిదు దినముల పేర్లు పల్నాడు నేటికిని మరువలేదు. అంత పోరాడిన పిమ్మట బ్రహ్మనాయుడు రాజ్యమును నలగామునకే విడిచి గుత్తికొండ బిలమున ప్రవేశించెనని కథ. ఏ నేలకొరకు పోరిరో ఆ నేల రైతుచేతికే వచ్చినది. రాబోవు అమావాస్యకు కారెంపూడి పోయినపుడు, రెండవనాటి రాయబారమును మీ మనుమలకు తప్పక చూపుడు. ఆ దినమున మాట నిలిచియుండినచో తక్కిన దినములతో పని యుండెడిది కాదని వారికి చెప్పుడు.