7 శాతం కంటే పదిన్నర శాతమే చవక! పికప్ బండి బేరంలో మాకు తెలిసొచ్చిన లెక్కలు

"సార్, మీకు టోటల్‌గా 93 వేలు లాభం!" అన్నాడు సేల్స్ కుర్రాడు, కాలిక్యులేటర్ మా వైపు తిప్పి.

మా తమ్ముడి మొహం వెలిగిపోయింది. అడ్వాన్సు కోసం జేబులో చెయ్యి కూడా పెట్టేశాడు. నేను వాడి మోకాలు గట్టిగా నొక్కి, "కొటేషన్ ఒకసారి ప్రింట్ తీసివ్వండి, ఇంటికెళ్లి చూసుకుంటాం" అన్నాను. బయటికి రాగానే వాడు నా మీద ఎగిరాడు. "93 వేలు తగ్గిస్తుంటే ఇంకేం చూస్తావ్ అన్నయ్యా?"

తమ్ముడంటే మా బాబాయ్ కొడుకు. కంకిపాడు వైపు పల్లెల్లో కూరగాయలు ఎత్తి, తెల్లారేసరికి విజయవాడలో దింపుతాడు. ఇన్నాళ్లూ పాత టాటా ఏస్‌తోనే నెట్టుకొచ్చాడు. లోడు పెరిగింది, ఏస్ సరిపోవట్లేదు. టన్నున్నర మోసే పికప్ కావాలన్నాడు. వాడికి ఇది సరదా కాదు, పొయ్యి వెలిగించే బండి. నెలకి వెయ్యి రూపాయలు ఎక్కువ కట్టాల్సి వచ్చినా అది వాడి డీజిల్ డబ్బుల్లోంచే పోవాలి. అందుకే డిసెంబర్ ఆఖరి వారంలో నేనూ వెంట వెళ్లాను. షోరూమ్ పేరు, బండి పేరు చెప్పను. ఏ షోరూమ్‌కి వెళ్లినా కథ దాదాపు ఇంతే.

ఆ 93 వేల సంగతి

ఇంటికొచ్చి కొటేషన్ చూస్తే అసలు విషయం బయటపడింది. అందులో 78 వేలు "జీఎస్టీ బెనిఫిట్". సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. బండి అసలు ధర 100 అనుకుంటే అప్పుడు 128 కట్టేవాళ్లం, ఇప్పుడు 118. అది ప్రభుత్వం తగ్గించింది. దేశంలో ఏ షోరూమ్‌కి వెళ్లినా అంతే తగ్గుతుంది. మరి షోరూమ్ వాళ్లు తమ జేబులోంచి ఇస్తున్నది? 15 వేలు. 9 లక్షల 20 వేల ఎక్స్ షోరూమ్ ధర మీద 15 వేలు.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. లెక్కని తనకి కావాల్సిన వైపు తిప్పి చూపించాడంతే. మిగతా కాగితం కూడా అదే పద్ధతిలో ఉంది. ఇన్సూరెన్స్ 49 వేలు, హ్యాండ్లింగ్ 8,500, యాక్సెసరీస్ ప్యాక్ 18 వేలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ 14 వేలు, ఆపైన ట్యాక్స్, రిజిస్ట్రేషన్. మనం బేరమాడేది పైన ఉన్న ఒక్క అంకె మీద. వాళ్లు రాబట్టుకునేది కింద ఉన్న ఐదారు లైన్లలో.

ఒక్కో లైనూ పట్టుకుని అడిగితే

ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానికి వెళ్లేవి. వాటి మీద బేరం ఉండదు. రసీదు మాత్రం అడగాలి.

ఇన్సూరెన్స్‌లో రెండు ముక్కలుంటాయి. థర్డ్ పార్టీ ప్రీమియం రేటు కేంద్రం నిర్ణయిస్తుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి 16,049 రూపాయలు, పన్ను అదనం. ఆ ముక్క ఎక్కడ కొన్నా ఒకటే. తేడా అంతా రెండో ముక్కలో, అంటే మన బండికి జరిగే డ్యామేజీకి కట్టే ప్రీమియంలో. అక్కడ కంపెనీకీ కంపెనీకీ పోలికే ఉండదు. షోరూమ్‌లోనే ఇన్సూరెన్స్ తీసుకోవాలని రూలేమీ లేదు. తమ్ముడు పాత ఏస్‌కి పాలసీ చేసే ఏజెంట్‌కి వాట్సాప్‌లో కొటేషన్ ఫొటో పెడితే, అవే కవర్లతో 37,500కి చేస్తానన్నాడు. ఒక్క మెసేజ్‌తో 11,500 మిగిలాయి.

"బయట తీసుకుంటే క్లెయిమ్ అప్పుడు మేం హెల్ప్ చెయ్యలేం సార్" అని భయపెట్టారు. క్యాష్‌లెస్ ఉందో లేదో చూడాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీ లిస్టులో. ఆ సర్వీస్ సెంటర్ పేరు అందులో ఉంది, చూసుకున్నాం.

హ్యాండ్లింగ్ చార్జీల గురించి "ఇది ఎవరికి కట్టేది?" అని మామూలుగానే అడిగాను. యార్డు నుంచి బండి తేవడం, కడగడం, కాగితాలు అంటూ నసిగాడు. బండి అమ్మడమే వాళ్ల పని కదా. అమ్మే పనికి మనం కూలీ ఇవ్వడమేంటి? రెండోసారి వెళ్లేసరికి ఆ లైను దానంతటదే మాయమైంది.

యాక్సెసరీస్ ప్యాక్‌లో సీటు కవర్లు, మడ్ ఫ్లాప్‌లు, పాటల సిస్టమ్, దేవుడి బొమ్మ. విజయవాడ వాడికి ఆటోనగర్ పక్కనే ఉంటే ఇవన్నీ షోరూమ్‌లో కొనడం ఏం ఖర్మ? మాకు కావాల్సినవి బాడీ కింద మ్యాటింగ్, పట్టా కట్టుకునే కొక్కేలు, సీటు కవర్లు. ఆటోనగర్‌లో 7 వేలకి అయిపోయాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం ఉంచమన్నాను. ఏడాది పొడుగునా రోజూ రెండు ట్రిప్పులు తిరిగే బండికి అది దండగ ఖర్చు కాదని నా ఉద్దేశం. మా బాబాయ్ ఇప్పటికీ ఒప్పుకోడు.

నెలగంట పెట్టాక కొత్త బండా?

డిసెంబర్ ఆఖరి వారమే ఎందుకంటే, షోరూమ్ వాళ్లకి నెల టార్గెట్, ఏడాది టార్గెట్ ఒకేసారి మెడ మీద ఉండేది అప్పుడే. జనవరి ఒకటి దాటిందంటే యార్డులో ఉన్న బండి "పోయినేడాది బండి" అయిపోతుంది. పైగా మన జిల్లాల్లో నెలగంట పెట్టాక కొత్త బండి ఇంటికి తెచ్చేవాళ్లు తక్కువ. అందరూ సంక్రాంతి కోసం చూస్తారు. షోరూమ్ ఖాళీ. ఆషాఢంలోనూ, మూఢంలోనూ ఇదే పరిస్థితి. దసరా ముందు వెళ్లి బేరమాడి చూడండి, మీ మొహం చూసేవాడే ఉండడు.

మా పిన్ని మాత్రం ఒప్పుకోలేదు. "నెలగంట పెట్టాక కొత్త బండేంట్రా, పండక్కి తెచ్చుకోండి" అంది. చివరికి రాజీ కుదిరింది. బిల్లు డిసెంబర్‌లో, డెలివరీ సంక్రాంతి నాడు. ఉత్త బుకింగ్ చేసి ఊరుకుంటే కుదరదు. బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో "డెలివరీ రోజున ఉన్న ధరే వర్తిస్తుంది" అని రాసి ఉంది. ఆఫర్ నిలబడాలంటే బిల్లు అయిపోవాలి. బిల్లయితే లోన్ మొదలవుతుంది, వడ్డీ మొదలవుతుంది. బండి షోరూమ్‌లో నిద్రపోతున్న ఆ పదిహేను రోజులకీ వడ్డీ కింద దాదాపు 3,500 పోయింది. పిన్ని మాటకి అయిన ఖర్చది. ఆమెకి ఆ లెక్క చెప్పలేదు, మీరూ చెప్పకండి.

డిసెంబర్ బండితో ఇంకో చిక్కుంది. రేపు అమ్మేటప్పుడు తయారీ ఏడాదిని బట్టే రేటు కడతారు. ఫారం 21లో, అంటే సేల్ సర్టిఫికెట్‌లో, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. డబ్బులు కట్టకముందే ఆ నెల అడిగి తెలుసుకోవాలి. మూడేళ్లలో మార్చేసేవాళ్లయితే జనవరి బండే నయం. తమ్ముడు బండి అరిగేదాకా వదలడు కాబట్టి మాకు పర్వాలేదు.

అదే కంపెనీది ఇంకో ఊళ్లో షోరూమ్ ఉంటే ఫోన్ చేశాం. ఒకచోట "మీ ఏరియా మాది కాదండీ" అని పెట్టేశారు. ఇంకోచోట 30 వేలు తగ్గిస్తామని వాట్సాప్‌లో కొటేషనే పంపారు. దాన్ని పట్టుకుని డిసెంబర్ 30 సాయంత్రం మళ్లీ మొదటి షోరూమ్‌కి వెళ్లాం. కుర్రాడు "మేనేజర్ గారిని అడిగొస్తా" అని మూడుసార్లు అద్దాల గదిలోకి వెళ్లొచ్చాడు. కూల్‌డ్రింక్ వచ్చింది, తర్వాత టీ వచ్చింది. నాలుగోసారి మేనేజరే వచ్చాడు. 38 వేలకి తెగింది. ఈ మొత్తంలో మేం వాడిన తెలివితేటలు పెద్దగా ఏం లేవు. ఇంకో కొటేషన్ చేతిలో ఉంది, లేచి వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉన్నాం, అంతే.

పాత ఏస్‌ని ఈ బేరంలో కలపనివ్వలేదు. ఎక్స్‌చేంజ్ అంటే 1,10,000 కడతామన్నారు, పైన బోనస్ 10 వేలు. పక్క ఊళ్లో పాలు తోలే ఆయన 1,45,000కి పట్టుకెళ్లాడు. రెండు బేరాలు కలిస్తే దేంట్లో ఎంత పోయిందో మనకే తెలీదు.

అసలు దెబ్బ తగలబోయింది ఇక్కడ

అంతా అయిపోయిందనుకున్నాక లోన్ మాట వచ్చింది. 8 లక్షలు, నాలుగేళ్లు. షోరూమ్‌లో కూర్చునే ఫైనాన్స్ ఆయన "మీకు 7 శాతానికే ఇప్పిస్తాను" అన్నాడు. తమ్ముడి ఊరి బ్యాంకులో పదిన్నర అన్నారు. "7 ఎక్కడ, పదిన్నర ఎక్కడ! సంతకం పెట్టేస్తా అన్నయ్యా" అన్నాడు వాడు.

ఆ 7 ఫ్లాట్ రేటు. ఆ మాట ఆయన చెప్పలేదు, మేం అడిగితే "అవునండీ, ఫ్లాటే" అన్నాడు. ఫ్లాట్ అంటే నెలనెలా అసలు తీరుతున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న 8 లక్షల మీదే వేస్తారు. ఆఖరి నెలలో నువ్వు బాకీ ఉన్నది ఒక్క కిస్తే అయినా సరే. ఏడాదికి 56 వేలు, నాలుగేళ్లకి 2,24,000 వడ్డీ. ఈఎంఐ 21,333.

బ్యాంకు చెప్పిన పదిన్నర, తగ్గుతున్న బాకీ మీద. ఫోన్‌లో ఈఎంఐ కాలిక్యులేటర్ తీసి కొట్టాం. నెలకి 20,483. నాలుగేళ్ల వడ్డీ 1,83,000 చిల్లర. అంటే "7 శాతం" లోన్ వల్ల దాదాపు 41 వేలు ఎక్కువ పోతాయి. బ్యాంకు పద్ధతిలో లెక్కేస్తే ఆ 7 శాతం నిజానికి 12.7 దాకా వెళ్తుంది. టీలు తాగుతూ, గొంతు చించుకుని సాధించిన 38 వేలూ ఒక్క సంతకంతో వెనక్కి వెళ్లిపోయేవి.

తమ్ముడు ఫోన్ స్క్రీన్ కేసి చాలాసేపు చూశాడు. "పాత ఏస్‌కి కూడా ఇలాగే కట్టానా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి లోన్లకి బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా ముందే ఒక కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూలు పెట్టింది. పేరు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. అందులో ఏపీఆర్ అని ఉంటుంది, అన్ని చార్జీలూ కలిపి ఏడాదికి పడే అసలు రేటు. ఎవరు ఏ శాతం చెప్పినా ఆ కాగితం తెమ్మని, ఏపీఆర్‌తో ఏపీఆర్‌నే పోల్చాలి. ముద్ర లోన్ కింద కూడా గూడ్స్ బండ్లకి ఇస్తారు, బ్యాంకులో అడగొచ్చు.

మీకు జీఎస్టీ నంబర్ ఉన్న వ్యాపారం ఉంటే, సరుకు బండి మీద కట్టిన జీఎస్టీని క్రెడిట్‌గా వాడుకునే వీలుంది, ఆడిటర్‌ని కనుక్కోండి. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ లాంటి పెద్ద పికప్‌ల వైపు చూస్తున్నవాళ్లకి, ధర 10 లక్షలు దాటితే బిల్లులో 1 శాతం టీసీఎస్ కనిపిస్తుంది. దాన్ని రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చు. చాలామంది అది కూడా షోరూమ్ చార్జీ అనుకుని వదిలేస్తారు.

షోరూమ్ కుర్రాడి మీద నాకు కోపం లేదు. టార్గెట్ అందకపోతే వాడికీ ఇన్సెంటివ్ రాదు. డెలివరీ రోజున వాడే వచ్చి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు, పిన్నితో ఫొటో కూడా దిగాడు.

ఒక్కచోట మాత్రం మేం మోసపోయాం. 38 వేల దగ్గర చేతులు కలిపేటప్పుడు మేనేజర్ "టార్పాలిన్ పట్టా మా తరఫున ఫ్రీ సార్" అన్నాడు. ఆ మాట కొటేషన్ మీద రాయించుకోలేదు. ఫోన్ చేస్తే ప్రతిసారీ "స్టాక్ వస్తోంది, రేపు పంపిస్తాం" అంటున్నారు. తమ్ముడు ఇప్పటికీ పాత ఏస్ పట్టానే కప్పుకుని తిరుగుతున్నాడు. అది కొత్త బండికి రెండు అడుగులు చాలట్లేదు.