వాన గతి తప్పితే గెలిచేది కలుపే

వాతావరణ మార్పు అనగానే పట్నవాసికి వరదలు, వడగాడ్పులు గుర్తొస్తాయి. మహబూబాబాద్ మిర్చి రైతుకో, జనగామ చెలకలో పత్తి పెట్టిన రైతుకో అది ముందుగా కలుపు రూపంలో కనిపిస్తుంది. గుంటుక తోలాల్సిన నాడు ముసురు, మొలక నిలవాల్సిన నాడు ఎండ. వానల గురించి మొదలైన మాట నాలుగు ముక్కలు సాగకుండానే కలుపు ఖర్చు మీదికి మళ్లుతుంది. ఈ మాటను వ్యవసాయ యంత్రాంగం ఇప్పటికీ ఫిర్యాదుగానే వింటోంది. దాన్ని సాక్ష్యంగా వినాలి. ఎందుకంటే వాతావరణం మారిన సంగతి పొలంలో మొదట తెలిసేది కలుపు తీసే చేతులకే.

2023 వానకాలాన్నే చూడండి. రుతుపవనాలు తెలంగాణను తాకేసరికి జూన్ మూడో వారం దాటింది. మృగశిరలో పడాల్సిన విత్తనం ఆరుద్రకు జరిగింది. జులై 27న నమోదైన లెక్కల్లో, ఒక్క రోజులోనే భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616 మిల్లీమీటర్ల వాన పడింది. వాగు పొంగి మోరంచపల్లి మునిగింది. వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి లెక్కలున్న దేశపు ఆగస్టులన్నింటిలోకీ పొడిది. సీజన్ మొత్తం కూడితే రాష్ట్రంలో వర్షపాతానికి లోటే లేదు. కానీ పత్తి మొక్క కలుపుతో పోటీకి తట్టుకోలేని కాలం తొలి నెలన్నర, రెండు నెలలు. సరిగ్గా ఆ రోజుల్లోనే ముసురుకు నేల ఆరక గుంటుక దిగే వీలు లేకపోయింది. ఆ తర్వాత పదునే లేకపోయింది. 'రైతులు ఎప్పుడూ వానలు పోయాయనే అంటారు, జ్ఞాపకాన్ని నమ్మి లెక్క కట్టలేం' అనేవారికి జవాబు ఇక్కడే ఉంది. రైతు చెబుతున్నది మొత్తం వాన గురించి కాదు, ఏ కార్తెలో ఎంత పడిందన్న దాని గురించి. సీజన్ సగటులో కనబడనిది కార్తె లెక్కలో కనబడుతుంది.

ఇలా తెగిన కాలాన్ని అందరికంటే బాగా వాడుకునేది వయ్యారిభామ. మెక్సికో వైపు నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1955లో పుణెలో గుర్తించారు. మొలిచినప్పుడు క్యారట్ ఆకులాంటి ఆకులతో నేలకు కరుచుకుని ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. నాలుగు నుంచి ఆరు వారాల్లో తెల్లని చిన్న పూలు విచ్చుతాయి. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. దానికి కార్తెలతో పని లేదు. తడి తగిలితే చాలు, ఏ నెలలోనైనా మొలుస్తుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మరింత ఏపుగా ఎదుగుతుందని ఆస్ట్రేలియా ప్రయోగాలు చూపాయి. దీన్ని తినే మెక్సికన్ పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. మంచి ప్రయత్నమే. అయితే ఆ పురుగు ఎండాకాలం నేలలో దాక్కుని, తొలకరి పడ్డాకే పైకి వస్తుంది. తొలకరే గతి తప్పితే దాని మీద ఎంత ఆశ పెట్టుకోగలం? గట్టున ఉన్న మొక్క గట్టుకే పరిమితమనీ అనుకోలేం. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను తుడిచిపెట్టిన కాండం కుళ్లు వైరస్‌కు వయ్యారిభామే ప్రధాన స్థావరమని, దాని పుప్పొడితో తామర పురుగులు వైరస్‌ను మోశాయని శాస్త్రవేత్తలు తేల్చారు.

ఇదంతా వాతావరణం మీదికి నెట్టడమేనని, అసలు కారణం కూలీలు దొరకకపోవడం, పడావు భూములు, ఊరూరూ తిరిగే వరికోత యంత్రాలు మోసుకొచ్చే విత్తనమని మరికొందరంటారు. ఆ కారణాలు నిజమే. అయితే అవి వానతో సంబంధం లేనివి కావు. నాట్లకు కూలీ దొరకక, కాలువ నీరు ఎప్పుడొస్తుందో తెలియక రైతు వరిని వెదజల్లుతున్నాడు. జబల్‌పూర్ కలుపు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల లెక్క ప్రకారం నాటిన వరిలో కలుపు వల్ల దిగుబడి నష్టం 13.8 శాతం, నేరుగా విత్తిన వరిలో 21.4 శాతం. కూలీలు దొరికే ఊళ్లోనైనా, వాన తెరిపి ఇచ్చిన రెండు రోజుల్లోనే అందరి చేలకూ వాళ్లు కావాలి. కైకిలి రేటు పెరిగేది ఆ రెండు రోజుల్లోనే.

గడ్డి మందు ఉందిగా అంటే, ఉంది. ఈ ప్రాంతంలో దాని చరిత్ర మాత్రం ధైర్యం చెప్పేది కాదు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందుపై తెలంగాణ 2018లోనే ఆంక్షలు పెట్టింది, 2022లో కేంద్రం ఇంకా బిగించింది. అయినా ఆ మందును తట్టుకునే, అనుమతి లేని 'బీజీ త్రీ' పత్తి విత్తనం దొంగచాటుగా అమ్ముడవుతూనే ఉంది. రైతు చట్టం తెలియక కొనడం లేదు. వాన ఇచ్చే రెండు రోజుల్లో ఎకరాలకెకరాలు కలుపు తీయించే దారి వేరే కనబడక కొంటున్నాడు. పైగా మందు దేన్ని చంపుతోందో కూడా చూడాలి. జొన్న చేలల్లో, పత్తి చేలల్లో మొలిచే గునుగు లేకుండా ఇక్కడ బతుకమ్మ లేదు. దాన్నీ కలుపనే పీకేవాళ్లం, కానీ పండుగకు సరిపడా మిగిలేది. గడ్డి మందు పడిన చేలో గునుగు మిగలదు. మందు పడని బాటల వెంట, గెట్ల మీద వయ్యారిభామ గింజ కట్టి, మళ్లీ చేలోకే వస్తుంది.

ప్రభుత్వ లెక్కలో ఈ నష్టానికి చోటు లేదు. 33 శాతం, ఆపైన పంట పోతేనే విపత్తు సాయం అందుతుంది. 2024 సెప్టెంబరు వరదల తర్వాత ఎకరాకు రూ.10,000 ఇచ్చిందీ ఆ కొలత మీదే. కలుపు ఒక్క ఏట అంత తినదు, ఏటా కొంచెం కొంచెంగా తింటుంది. అందుకే దాన్ని రైతు బద్ధకం కింద కట్టేయడం సులువైంది. రైతు ఒక్కడే తన చేను శుభ్రం చేసుకుంటే తీరేదీ కాదిది. రోడ్డు పక్క, చెరువు కట్ట, పడావు భూమి ఎవరివి? వాటిని జులై దాటకుండా, పూత రాకముందే ఉపాధి హామీ కూలీలతో, చేతులకు తొడుగులిచ్చి, వేళ్లతో సహా పీకించాలి. ఏ కార్తెలో ఏ కలుపు ఎక్కువైందో రైతు వేదికల్లో విస్తరణాధికారులు రైతుల నోటి నుంచే రాసుకోవాలి. వయ్యారిభామ నిర్మూలన వారోత్సవం దేశమంతటా ఏటా ఆగస్టు మూడో వారంలో జరుగుతుంది. జూన్ వానకు ఇక్కడ మొలిచిన మొక్క అప్పటికే విత్తనం రాల్చడం మొదలుపెడుతుంది. మన జిల్లాల్లోనైనా ఆ తేదీని నెల రోజులు ముందుకు జరపాలి.