గండం గడిచినా దిగులెందుకు పోదు?

పరీక్షలు అయిపోయి నెలైంది. అయినా అన్నయ్య దిగులుగానే ఉన్నాడేం?

భయమేస్తే మెదడు కబురంపుతుంది. మూత్రపిండాల పైనుండే చిన్న గ్రంథులు కార్టిసాల్ అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. ఒళ్లు చురుకవుతుంది. కార్టిసాల్ తగినంత చేరగానే మెదడే ‘ఇక చాలు’ అంటుంది. ఉన్నదాన్ని కాలేయం మార్చేస్తే, మూత్రంలో పోతుంది.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, వరద తీశాక ఎత్తేస్తారు కదా! డిప్రెషన్ అనే దిగులు జబ్బు ఉన్న కొందరిలో (అందరిలో కాదు) వరద తీసినా హెచ్చరిక ఎత్తరు. కార్టిసాల్ తగినంత చేరిందన్న కబురు మెదడుకు సరిగా అందదు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఆడబుద్ధి కాదు. అది బద్ధకం కాదర్రా, జబ్బు. నయమవుతుంది కూడా. రెండు వారాలైనా తగ్గకపోతే అమ్మకో నాన్నకో చెప్పండి. 14416కి ఫోన్ చేస్తే మానసిక సాయం అందించే టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.