అమ్మకమునకు వచ్చిన అమెరికాబండి

చీరలకు పోవు సుల్తాన్ బజారునకు గతమాసమున కారు బేరమునకై పోయితిమి. 1948 నాటి షెవర్లే. జనరల్ మోటార్సువారు 1928లో బొంబాయిలో కర్మాగారము తెరచి, అమెరికానుండి వచ్చిన భాగములతో నిట్టి బండ్లను కూర్చిరి, 1954లో మూసివేసిరి. పైపూత యద్దమువలె మెరయుచుండెను. మా యన్నగారు మురిసిపోయిరి. వెల చెల్లింప వదినెగారి కాసులపేరు అమ్మవలెనని వారి తలంపు.

మూత యెత్తిచూడగా లోపల డీజిలు ఇంజను! పెట్రోలుఖర్చునకు వెఱచి వెనుకటి యజమాని మార్పించెనట. అమ్మువాడు దానినే గొప్పగా చెప్పెను. చిక్కంతయు నచ్చటనే గదా! 2021లో వచ్చిన కేంద్రనిబంధనలనుబట్టి ఏబదియేండ్లు దాటిన సొంతబండిని వింటేజిగా నమోదు చేయింపవచ్చును. క్రొత్తనమోదునకు రుసుము 20,000 రూపాయలు. కాని చట్రముగాని, పైకట్టుగాని, ఇంజనుగాని మార్చినది పనికిరాదు. నమోదైనదానిని నిత్యము తిప్పనురాదు. మామూలు బండిగా నుంచుకొందమన్నను, మార్చిన యింజను సంఖ్య రిజిస్ట్రేషను పత్రమున కెక్కియుండవలెను. సోదరీమణులారా, రంగుకంటె ముందు ఆ పత్రము నడుగుడు.

వదినెగారడిగిరి. రేపు తెచ్చెదనని యతడు పలికి నేటికి మూడువారములు. అన్నగారు మాతో ముభావముగా నున్నారు. కాసులపేరు పెట్టెలోనే యున్నది.