అమెరికా యెన్నికలలో మూఁడవ పక్షము



మొన్న మా యూరి రచ్చకడ నొక పెద్దలు, "పంతులుగారూ, అమెరికాలో అధ్యక్షపదవి యెప్పుడును రెండు పక్షములలో నొకదానికే దక్కునేమి? మూఁడవవాఁడు నిలువరాదా?" అని నన్నడిగిరి. నిలువవచ్చును, పెక్కుమాఱులు నిలిచిరి. వా రేల గెలువలేదో నా యెఱిఁగినంత మనవి చేసెదను.

ఆ దేశమున ప్రజల వోటు నేరుగా అధ్యక్షునికి చేరదు. 50 రాష్ట్రములకును వాషింగ్టను నగరమునకును కలిపి నేఁడు 538 మంది నియోజకులు గలరు. వారిలో 270 మంది యెవనిని కోరుదురో అతఁడే అధ్యక్షుఁడు. మెయిన్, నెబ్రాస్కా తప్ప తక్కిన రాష్ట్రములలో నెవనికి వోట్లు హెచ్చుగా వచ్చునో వానికే ఆ రాష్ట్రపు నియోజకు లందఱును దక్కుదురు. రెండవవానికి సున్న. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

1992లో రాస్ పెరో యను ధనికుఁడు స్వతంత్రుఁడుగా నిలిచి నూటికి దాదాపు 19 వోట్లు పొందెను. నియోజకుఁ డొక్కఁడును రాలేదు! 1948లో స్ట్రామ్ థర్మండునకు నూటికి రెండున్నర వోట్లయినను రాలేదు. నియోజకులు మాత్రము 39 మంది వచ్చిరి. నల్లవారికి సమానహక్కులు కూడదన్న యాతని వాదము నాకు సమ్మతము కాదు. లెక్క మాత్రము చూడుఁడు. ఆతని వోట్లు దక్షిణరాష్ట్రములలోనే కుప్పవడినవి. ఆ యేఁడే హెన్రీ వాలెసునకు నించుమించుగా నన్నియే వోట్లు వచ్చియు, దేశమంతట చెదరుటచే నియోజకులు లేకపోయిరి. జిల్లా యంతట జల్లు పడిన నే చెఱువును నిండదు. ఒక్క చెఱువున కెగువను కుంభవృష్టి కురిసిన నలుగు పాఱును.

మిగుల బలవంతుఁడైన మూఁడవవాఁడు థియొడోరు రూజ్‌వెల్టు. అతఁ డంతకుముందే అధ్యక్షుఁడుగా నుండినవాఁడు. తాను ముందుకు దెచ్చిన టాఫ్టుతో విరోధించి 1912లో వేఱు పక్షము పెట్టెను. అక్టోబరు 14న మిల్వాకీలో నొకఁ డాతనిని తుపాకితో కాల్చెను. జేబులోని ఉపన్యాసపు కాగితముల మడతయు కండ్లద్దముల పెట్టెయు తూటా వేగమును తగ్గించినవి. తూటా రొమ్మున నుండఁగానే యతఁడు గంటకుపైగా మాటలాడెను. తలనొప్పి యని బడికి సెలవు పెట్టిన నాబోఁటివారు సిగ్గుపడవలసినదే. ఇంత చేసియు నాతనికి 88 మంది, టాఫ్టునకు 8 మంది నియోజకులే దక్కిరి. ఇంటివారు చీలఁగా, నూటికి 42 వోట్లు మాత్రమే వచ్చిన విల్సను 435 మందితో గెలిచెను.

2000లో ఫ్లారిడా రాష్ట్రమున బుష్షు గోరుపై 537 వోట్లతో నెగ్గి, తన్మూలముగా అధ్యక్షుఁడాయెను. అచ్చట మూఁడవవాఁడగు నేడరునకు 97,000 పైగా వోట్లు పడినవి. గోరు మిత్రులు నేడరును నిందించిరి. ఆ నింద న్యాయమని నాకు తోఁపదు. వోటు వేసినవానిదే గాని గోరుది కాదు గదా! కాని నాఁటినుండి, "నీవు మంచివాఁడవే, నీకు వోటిచ్చిన నాకు గిట్టనివాఁడు గెలుచును" అను భయము మఱింత హెచ్చినది.

పోటీపత్రముపై పేరు చేర్చుటకును ప్రతి రాష్ట్రమున వేఱువేఱు నిబంధనలు గలవు. పెద్ద పక్షములకు స్థానము సిద్ధముగా నుండఁగా, క్రొత్తవాఁడు వేలకొలఁది చేవ్రాళ్లు కూర్చుటలోనే ధనమును కాలమును వ్యయపఱచును.

ఇదంతయు విని యా పెద్దలు, "అయిన వారి శ్రమ వృథాయేనా?" అనిరి. 1912లో రూజ్‌వెల్టు పక్షము స్త్రీలకు వోటుహక్కు కావలెనని కోరెను. 1920లో రాజ్యాంగసవరణముచే నది దేశమంతట వచ్చినది. అప్పటికి ఆ పక్షమే లేదు.