దేవదూతల వాటా

మా మరిది లండన్ నుంచి వస్తూ బునహావన్ అనే విస్కీ సీసా తెచ్చాడు. స్కాట్లండ్‌లో ఐలా అనే దీవి ఉందట, అక్కడ 1881 నాటి బట్టీ. ఆ దీవిలో చాలామంది బార్లీకి పీట్ మట్టి కాల్చిన పొగ పట్టిస్తారు. వీళ్లు ఎక్కువగా పొగ తగలనివ్వరు. 12 ఏళ్లు ఓక్ పీపాల్లో దాస్తారు. పొద్దున గీసిన కల్లు సాయంత్రానికి పులిసే సిద్దిపేటలో మనకిది వింతే కదూ!

ఏటా నూటికి సుమారు రెండు వంతులు ఆవిరైపోతే, అది 'దేవదూతల వాటా' అంటారట.

గిన్నెలు తోముతున్న మా పనామె విననే వింది. "దేవదూతలకు సుత వాటానా అమ్మా? మా ఇంట్ల పిల్లలకే మిగలకపాయె!" అంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది ఈ వాటా కోసమే. 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో సడలించేశారు.

మావారు ఇంకా మూత తియ్యలేదు. సీసా మీద దుమ్ము రోజూ ఆమే తుడుస్తోంది.